ఉద్యోగంతో పాటు ఎంటెక్ - సంతకం పెట్టేముందు

డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న తమ్ముళ్లకు మా బ్యాచ్ తరఫున ఈ వ్యాసం. ఏటా ప్లేస్‌మెంట్ల కాలం రాగానే మీలో కొందరు ఫోన్ చేసి అడిగేది ఒకటే: "అన్నా, కంపెనీ జీతమిచ్చి ఎంటెక్ కూడా చదివిస్తుందట. నాకేమో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చెయ్యాలని ఉంది. ఏం చెయ్యమంటావు?"

ముందు అదేమిటో చూద్దాం. ఇలాంటి వాటిలో బాగా తెలిసినది విప్రో వారి వర్క్ ఇంటిగ్రేటెడ్ లెర్నింగ్ ప్రోగ్రాం. బీసీఏ, బీఎస్సీ వాళ్లను ఉద్యోగంలోకి తీసుకుని, పని చేస్తుండగానే ఎంటెక్ చదివిస్తారు. ఫీజు కంపెనీదే. ఇటీవలి ప్రకటనల ప్రకారం స్టైపెండు మొదటి ఏడాది నెలకు రూ.15,000 పైచిలుకు, నాలుగో ఏడాదికి రూ.23,000. చేరినప్పుడు రూ.75,000 బోనస్. ఒప్పందం 60 నెలలు. మధ్యలో మానేస్తే మిగిలిన నెలలకు లెక్కగట్టి బోనస్ వెనక్కి తీసుకుంటారు. మన ఇళ్ల నుంచి వచ్చినవాడికి సొంత ఖర్చుతో ఎంటెక్ అంటే మాటలా? కనుక దీన్ని తేలిగ్గా తీసెయ్యలేం.

అయితే ఆ ఎంటెక్ ఏ సబ్జెక్టులో? మేము ఈ ప్రశ్న అడగలేదు. 2017లో మాలో ముగ్గురం ఒక కంపెనీలో ఇలాగే చేరాం. ఎవరూ మోసం చెయ్యలేదు, అన్నీ కాగితంలోనే ఉన్నాయి. మేమే చదవలేదు. వారమంతా డ్యూటీ, సెలవు రోజు క్లాసులు. ఐదేళ్లు గడిచాయి. 2022 డిసెంబరులో తెలంగాణలో 1,392 జూనియర్ లెక్చరర్ పోస్టులకు నోటిఫికేషన్ పడింది. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాలన్నది మాలో ఒకడికి పదో తరగతి నుంచీ ఉన్న కోరిక. మ్యాథ్స్ పోస్టుకు మ్యాథ్స్‌లోనే పీజీ కావాలి. వాడి చేతిలో ఉన్నది సాఫ్ట్‌వేర్ ఎంటెక్. ఆ రాత్రి మాకు ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక ఇంటి లెక్క. ఇంట్లో లక్షన్నర అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకుందాం. నెలకు రూ.3,000 వడ్డీకే పోతుంది. ఎమ్మెస్సీ రెండేళ్లలో రూ.72,000, అసలు కదలకుండానే. అదే బోనస్ మొత్తం అప్పుకు కడితే సగం ఒక్కసారే తీరుతుంది. ఇలాంటి ఇల్లు ఉన్న తమ్ముడు ఉద్యోగం ఎంచుకుంటే ఇష్టాన్ని అమ్ముకున్నాడని అనకండి. అప్పు లేని ఇంటివాడు మాత్రం భయంతో సంతకం పెట్టకూడదు. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష ఉంది, అక్కడ ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, మన రాష్ట్ర యూనివర్సిటీలకు సీపీగెట్ రాయాలి. తర్వాత నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు రూ.37,000. అప్పటిదాకా స్కాలర్‌షిప్పే దిక్కు. అదెప్పుడు పడుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

ఇష్టం కూడా నిజమైనదేనా అని చూసుకోవాలి. బాగా చెప్పే సారు ఉంటే ఏ సబ్జెక్టయినా ఇష్టంగానే ఉంటుంది. ఒక పాత జామ్ పేపరు తీసుకుని స్టడీ అవర్‌లో కూర్చోండి. మూడు గంటలు, 60 ప్రశ్నలు. మార్కులు తక్కువ వస్తే దిగులు పడకండి, మాకూ రాలేదు. తప్పిన లెక్కను మర్నాడు ఎవరూ చెప్పకుండానే మళ్లీ పట్టుకున్నారా? వారం రోజులైనా ఆ పేపరు ముట్టకపోతే మీకు ఇష్టమైనది మ్యాథ్స్ కాకపోవచ్చు, యూనివర్సిటీ క్యాంపస్ కావచ్చు.

ఆఫర్ కాగితం వచ్చిన రోజే సంతకం పెట్టకండి. ఎంటెక్ పూర్తి పేరు, పట్టా ఇచ్చే యూనివర్సిటీ, ఒప్పందం నెలలు, మానేస్తే కట్టాల్సిన మొత్తం, ఈ నాలుగూ నోట్‌బుక్కులో రాసుకుని ఇంట్లో అమ్మానాన్నలకు తెలుగులో చదివి వినిపించండి. మేము నాన్నతో "కంపెనీ చదివిస్తుంది" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాం.

మా వాడు ఇప్పుడు ఉద్యోగం చేస్తూనే అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతున్నాడు. వాళ్లింటి అప్పు తీరింది మాత్రం ఆ కంపెనీ జీతంతోనే. వార్షికోత్సవానికి వస్తున్నాడు, అడగండి. రెండూ చెబుతాడు.