ఉన్ని కప్పుకున్న కొండపువ్వు

హిమాలయాల తూర్పు కొసన, టిబెట్‌కూ చైనాలోని యునాన్ రాష్ట్రానికీ సరిహద్దుగా ఉన్న పర్వతాల్లో ఒక వింత మొక్క పెరుగుతుంది. సముద్ర మట్టానికి 4,000 మీటర్లకు పైన, పచ్చిక బయళ్ళు ముగిసి రాళ్ళ వాలు మొదలయ్యే చోటు దాని నివాసం. చైనావారు దాన్ని మంచు తామర అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సాస్యూరియా లానిసెప్స్. లానిసెప్స్ అంటే ఉన్ని తల గలది అని అర్థం. పేరుకు తామరే గానీ, నిజానికి ఇది మన పెరటి బంతి, పొలాల్లోని పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందింది.

ఆ ఎత్తులో పగటి ఎండ చురుక్కుమంటుంది, రాత్రి గడ్డ కట్టించే చలి. వేసవిలో వాన. ఇంత కఠినమైన చోట లేత పువ్వు ఎలా బతుకుతుంది? ఈ మొక్క ఆకుల నిండా తెల్లని నూగు దట్టంగా అల్లుకొని ఉంటుంది. దూరం నుంచి చూస్తే రాళ్ళ మధ్య ఎవరో దూదిముద్ద వదిలి వెళ్ళారనిపిస్తుంది. ఆ ఉన్ని ఎండ వేడిని పట్టి ఉంచుతుంది, వాన చినుకులు పువ్వును తడపకుండా ఆపుతుంది. చలికాలంలో పసిబిడ్డకు తల్లి తొడిగే స్వెట్టర్ చేసే పని ఇదే కదా!

ఈ మొక్క జీవితం మరో విశేషం. ఏళ్ళ తరబడి ఆకులతోనే గడిపి, చివరికి ఒకే ఒక్కసారి పూస్తుంది. గింజలు రాల్చి చనిపోతుంది. రెండో అవకాశం ఉండదు.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. టిబెట్, చైనా వైద్యాల్లో తలనొప్పికి, అధిక రక్తపోటుకు, స్త్రీల నెలసరి బాధలకు దీన్ని వాడతారు. పూతకు వచ్చిన మొక్కనే, గింజ కట్టక ముందే కోస్తారు. అందులోనూ పెద్దదాన్ని ఏరుకుంటారు, ఎందుకంటే కొనేవాళ్ళు పెద్దదాన్నే అడుగుతారు. కోసేవాణ్ణి తప్పు పట్టడం తేలికే. పేద కొండజాతి కుటుంబానికి ఆ నాలుగు డబ్బులు ఎంత అవసరమో కూడా ఆలోచించాలి.

మన రైతు ఏం చేస్తాడో గుర్తు చేసుకోండి. పంటలో మేలైన కంకుల్ని ఏరి విత్తనానికి దాస్తాడు, మిగిలింది తింటాడు. ఇక్కడ జరిగింది సరిగ్గా దానికి తలకిందులు. మేలైనది సంచిలోకి వెళ్ళింది, గింజ రాల్చే భాగ్యం కంటికి ఆనని పొట్టి మొక్కలకే దక్కింది. పొట్టి మొక్కల గింజలు, మళ్ళీ పొట్టి మొక్కలు.

ఇది కేవలం ఊహ కాదు. వేన్ లా, జాన్ శాలిక్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 2005లో దీన్ని లెక్క కట్టి చూపించారు. వృక్షశాస్త్ర సంస్థలు మొక్కల్ని ఎండబెట్టి, అట్టలకు అంటించి, దొరికిన చోటు, తేదీ రాసి భద్రపరుస్తాయి. అలా నూరేళ్ళకు పైగా పోగైన మంచు తామరల్ని వాళ్ళు వరుసగా కొలిచారు. కాలం గడిచే కొద్దీ మొక్క ఎత్తు తగ్గుతూ వచ్చింది.

వాతావరణం మారడం వల్ల తగ్గిందేమో అని ఎవరైనా అడగవచ్చు. ఆ అనుమానం వాళ్ళకూ వచ్చింది. అందుకే దీని దగ్గరి బంధువైన సాస్యూరియా మెడూసా అనే మరో ఉన్ని మొక్కను కూడా కొలిచారు. చిన్నది కావడంతో దాన్ని కోసేవాళ్ళు తక్కువ. అది ఏమీ పొట్టిబడలేదు.

తర్వాత కొండల మీద పెరుగుతున్న మొక్కల్నే కొలిచారు. 6,740 మీటర్ల ఎత్తయిన ఖావా కార్పో పర్వతాన్ని టిబెట్ ప్రజలు పవిత్రంగా భావిస్తారు, అక్కడి పవిత్ర స్థలాల్లో మొక్కలు కోయరు. విచ్చలవిడిగా కోత జరిగే వాలుల్లోని మొక్కల కంటే ఆ స్థలాల్లోని మంచు తామరలు స్పష్టంగా పొడవుగా ఉన్నాయి.