కక్ష్యలో జబ్బుపడితే దించేదెవరు?

2026 జనవరిలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఒకరికి ఆరోగ్యం దెబ్బతింటే, నాసా క్రూ-11 బృందంలోని నలుగురినీ గడువుకు ముందే భూమికి దించేసింది. జబ్బు ఒక్కరికైతే నలుగురెందుకు? వాళ్లు ఎక్కివెళ్లిన డ్రాగన్ నౌకే వాళ్ల తిరుగు బండి కూడా. రోగి ఒక్కడే దాంట్లో వచ్చేస్తే మిగతా ముగ్గురికీ ఆపదలో దిక్కుండదు. కేంద్రంలోని సిబ్బందిని అత్యవసరంగా దించడానికి నాసా మొదలుపెట్టిన ఎక్స్-38 పథకం 2002లోనే ఆగిపోయింది. 2035 నాటికి మన దేశం సొంత అంతరిక్ష కేంద్రం కట్టాలనుకుంటోంది. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నవాళ్లు ఉద్యోగాల్లో కుదురుకునేసరికి అక్కడ జబ్బుపడ్డవాళ్లను దించే నౌక తయారుచేసే పని వాళ్ల చేతికే వస్తుంది.

పెద్దాసుపత్రిలో 'బెంగళూరు తీసుకుపోండి' అన్నాక రెండొందల కిలోమీటర్లకు పైగా రోడ్డు మీద రోగి ఎంత నలిగిపోతాడో అనంతపురం జిల్లావాళ్లకు తెలుసు. అందుకే కక్ష్య నుంచి రోగిని దించే నౌక డిజైన్ రాకెట్‌తో కాదు, రోగి ఒంటితో మొదలవ్వాలని నా గట్టి అభిప్రాయం.

రష్యా నౌక సోయుజ్ దిగేటప్పుడు మామూలుగా 4 జీ దాకా, అంటే ఒంటి బరువుకు నాలుగు రెట్ల దాకా, ఒత్తిడి పడుతుంది. 2008 ఏప్రిల్‌లో దారి తప్పి నిటారుగా దిగిన సోయుజ్‌లో అది 8 జీ దాటింది. అంటే అరవై కిలోల మనిషి మీద దాదాపు ఐదొందల కిలోల భారం. ఆరోగ్యవంతులు తట్టుకుంటారు, గుండెపోటు వచ్చినవాడు తట్టుకోగలడా? రెక్కలున్న డ్రీమ్ చేజర్ లాంటి నౌకలో ఇది 1.5 జీ లోపే ఉండేలా డిజైన్ చేశారు. కాకపోతే దానికి రన్‌వే కావాలి. ఇక సెలైన్ సంగతి చూడండి. కక్ష్యలో చుక్క కిందికి జారదు, గాలిబుడగ పైకి తేలదు, కాబట్టి పంపుతోనే ఎక్కించాలి. గుండెకు షాక్ ఇవ్వాలంటే ముందు రోగిని పట్టీలతో బల్లకు బిగించాలి. ఆ కరెంటు నౌకలోకి పాకకుండా బల్ల అడ్డుకోవాలి. ఇలాంటివి తేల్చడానికి ఇంజినీరు ఒక్కడే చాలడు, డాక్టరూ పక్కనుండాలి.

ఏరోస్పేస్ డిగ్రీ లేదని బెంగపడొద్దు. జేఎన్‌టీయూ అనంతపురంలో మెకానికల్, ఈసీఈ చదివినవాళ్లకూ ఇస్రో నియామకాల్లో చోటుంది. సైంటిస్ట్/ఇంజినీర్ పోస్టులకు సాధారణంగా 65 శాతం మార్కులు లేదా 6.84 సీజీపీఏ అడుగుతారు. ఇంటర్ తర్వాత జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో చేరొచ్చు. మన వ్యోమగాముల్ని పంపే గగన్‌యాన్ పథకాన్ని చూసే మానవ అంతరిక్షయాన కేంద్రం బెంగళూరులోనే ఉంది, గగన్‌యాన్ నౌక పారాచూట్ల పని ఆగ్రాలోని డీఆర్‌డీవో ప్రయోగశాలది. ఎంబీబీఎస్ వాళ్లకు బెంగళూరులోని వాయుసేన ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థలో ఎం.డి. కోర్సుంది.

ఫైనలియర్ ప్రాజెక్టుకు కొనుక్కొచ్చిన మోడల్ పెట్టకండి. అనుమతి తీసుకుని ఖాళీ అంబులెన్సు స్ట్రెచర్‌కు యాక్సిలరోమీటర్ బిగించి బెంగళూరు దాకా కుదుపులు కొలవండి. తల దగ్గర, నడుము దగ్గర విడివిడిగా గ్రాఫ్ గీయండి. ఆ కుదుపుల్లో ఏ ట్యూబు ఊడిపోతుందో, ఏ మానిటర్ తప్పు చూపిస్తుందో టెక్నీషియన్‌ను అడిగి రాసుకోండి. ఇంటర్వ్యూలో ఆ గ్రాఫ్ బల్ల మీద పెడితే మాట్లాడటానికి మీ దగ్గర సొంత సరుకుంటుంది.