గుడ్డి పూలు లెక్కపెట్టాకే మందు మాట

దేవరకొండ, చండూరు, కల్వకుర్తి వైపు తొలి జల్లులకే వేసిన పత్తి చేన్లలో గుడ్డి పూలు కనబడుతున్నాయి. రేకులు విచ్చుకోకుండా, కొనలు మెలిపడి, దారంతో కుట్టేసినట్టు ఉండే పూలు. లోపల గులాబీ రంగు పురుగు చేరిందని అర్థం. నడుమ వాన మొహం చాటేసి ఇప్పుడు ముసురు వదలకపోవడంతో ఒకే ఊళ్లో మూడు వయసుల పత్తి ఉంది. ముందు వేసిన చేనులో పుట్టిన రెక్కల పురుగు వెనక వేసిన చేనుకు పోయి గుడ్లు పెడుతుంది. అందుకే ఈ నెల చోటంతా దాదాపు పత్తికే ఇస్తున్నాను. తక్కిన పంటల రైతులు ఏమనుకోవద్దు.

పూలు చూసి దుకాణానికి ఉరికినవాళ్లకు దొరికే చీటీ ఎట్లుంటుందో తెలిసిందే. రెండు పురుగుమందులు, ఒక తెగులు మందు, ఒక టానిక్, ‘పూత నిలవడానికి’ ఇంకో సీసా. అన్నీ ఒకే డబ్బాలో కలిపి కొట్టమంటారు. గులాబీ పురుగు గుడ్డు పగిలిన కొన్ని గంటల్లోనే కాయలోకి దూరుతుంది, దూరిన రంధ్రం పూడుకుపోతుంది. అయిదు సీసాలు కాదు, యాభై కొట్టినా లోపలి పురుగుకు తడి తగలదు. ఆకుల మీద దోమను తినే అక్షింతల పురుగులు, సాలీళ్లు, అల్లిక రెక్కల పురుగులు మాత్రం చస్తాయి. పది రోజులకు తెల్లదోమ లేస్తుంది. దానికి మళ్లీ అదే దుకాణం.

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందులు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ సంగతి మరిచిపోయి ఇంకా ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా ఎదురుగాలిలో స్ప్రేయర్ పట్టుకునేవాళ్లను ఏమనాలి?

ముందు లెక్క చూడండి. ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు కట్టండి. బుట్టకు రోజుకు ఎనిమిది రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడితే కదలాలి. లేదా వంద పూలలో పది గుడ్డి పూలు ఉంటే. లేదా చేనంతా తిరిగి కోసిన ఇరవై పచ్చికాయలను చీల్చితే రెంటిలో పురుగు ఉంటే. కాయ పైన చూస్తే ఏమీ తెలియదు, చీల్చాల్సిందే. ఆ హద్దు దాటకపోతే గుడ్డి పూలు ఏరి కాల్చేయండి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె చాలు. దాటితే ప్రొఫెనోఫాస్ లీటరుకు 2 మిల్లీలీటర్లు గాని, థయోడికార్బ్ 1.5 గ్రాములు గాని, ఏదో ఒక్కటే. సింథటిక్ పైరిత్రాయిడ్ల జోలికి ఇప్పుడే పోవద్దు. వాటి వెనకే తెల్లదోమ వస్తుంది.

“బీటీ విత్తనమే కదా సారూ, పురుగు ఎట్ల వచ్చింది?” అని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే.

బీటీ పత్తికి మన దేశంలో 2002 మార్చిలో అనుమతి వచ్చింది, రెండు జన్యువులున్న బీజీ-2కి 2006లో. అంతకుముందు శనగపచ్చ పురుగుకు మందులు కొట్టీ కొట్టీ అప్పుల పాలైన రోజులు మీ ఇళ్లలో పెద్దలకు గుర్తుంటాయి. ఆ పురుగుకు కొట్టే మందు బాగా తగ్గింది, చేలో మిత్ర పురుగులు బతికాయి. ఈ మేలును కాదనేవాళ్లతో నాకు పొత్తు లేదు. కానీ పచ్చదోమ, తామర పురుగు, తెల్లదోమ వంటి రసం పీల్చేవాటికి బీటీ ఏనాడూ పని చేయలేదు. గులాబీ పురుగు సంగతి వేరు, దానికి మనమే తలుపు తీశాం.

ఎట్లంటే, మనం వేసేది సంకరం. తల్లిదండ్రులలో ఒక్కరి నుంచే పురుగుకు విషం తయారుచేసే బీటీ జన్యువులు వస్తాయి కాబట్టి కాయలో గింజలన్నీ ఒక్క తీరుగా ఉండవు. సగటున పదహారు గింజలలో తొమ్మిదింటిలో రెండు విషాలూ ఉంటాయి, ఆరింటిలో ఒక్కటే, ఒకదానిలో ఏదీ లేదు. గద్వాలలో చేతితో పువ్వుకు పువ్వు క్రాసింగ్ చేసే విత్తన రైతులకు ఈ లెక్క నాకంటే బాగా తెలుసు. గులాబీ పురుగు తినేదే గింజ. సగం విషం తిని బతికిన పురుగు పిల్లలను కంటుంది, వాటికి ఆ విషం అలవాటే. దానికితోడు, చుట్టూ వేయమని ఇచ్చిన 120 గ్రాముల నాన్ బీటీ పొట్లాన్ని ఎంతమంది వేశారు? గట్టు మీద పారేశాం. వేస్తే అక్కడ పెరిగిన, విషం తెలియని పురుగులు వీటితో కలిసి తట్టుకునే గుణాన్ని పలచన చేసేవి. కొందరు దానికి బదులు కంది వేశారు. శనగపచ్చ పురుగుకైతే కంది పనికొస్తుంది, గులాబీ పురుగు దాన్ని ముట్టదు. దానికి పత్తి, పత్తి లేకుంటే బెండ. ఇప్పుడు 475 గ్రాముల సంచిలోనే నాన్ బీటీ గింజలు కలిపి ఇస్తున్నారు, పొట్లం పారేసే వీలు లేదు. అయితే అప్పటికే ఆలస్యమైంది. ఒక జన్యువును ఓడించిన పురుగు గుజరాత్‌లో 2010 నాటికే బయటపడింది, తర్వాత రెండోదీ ఓడింది.

అమెరికాలో ఇదే పురుగును 2018 నాటికి పూర్తిగా తుడిచేశారు. వాళ్ల బీటీ మన బీటీయే. దానితో పాటు సంతానం కలగకుండా చేసిన రెక్కల పురుగులను కోట్లలో వదిలారు, పంట ఎప్పుడు పీకేయాలో గడువు పెట్టుకుని పాటించారు. మన దగ్గర నీరుంటే మార్చి దాకా నిలబెడతాం!

ఇక గడ్డి మందు పత్తి. ‘బీజీ-3’ అని లూజుగా అమ్ముతున్నది ఇదే. అట్లాంటి విత్తనానికి దేశంలో అనుమతే లేదు. గులాబీ పురుగును ఆపే గుణం దానిలో కొత్తగా ఏదీ లేదు, గ్లైఫోసేట్ కొట్టినా చావకపోవడం ఒక్కటే దాని ప్రత్యేకత. బిల్లు ఉండదు, మొలవకపోతే అడిగే దిక్కూ ఉండదు. గాలికి ఆ మందు పక్క చేను కంది మీద పడితే తగవు. ఏటా ఒకే మందు కొడితే దానికి చావని కలుపు పుడుతుంది. అమెరికా పత్తి చేలలో తోటకూర జాతి కలుపు ఆ పని చేసి చూపించింది. పైగా పత్తి పుప్పొడి తేనెటీగల కాళ్లకు అంటుకుని తిరుగుతుంది. గద్వాల విత్తన చేలలో ఆ జన్యువు కలిస్తే పాడయ్యేది ఒక రైతు పంట కాదు, ఎన్నో జిల్లాలకు పోయే విత్తనం. వచ్చే ఏప్రిల్‌లో ఊళ్లోకి బైకు మీద సంచి తెచ్చేవాడిని ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

ఎర్ర చలకల్లో పత్తి డిసెంబరుకు మించి ఉండకూడదు. నల్లరేగడిలోనూ అంతే అంటాను, నాలుగు కాయల ఆశతో సాగదీసిన చేనే వచ్చే ఏడాదికి పురుగు విత్తనం. మేకలను, గొర్రెలను తోలి మిగిలిన కాయలు మేపండి. కట్టెను పొయ్యి కోసం ఇంటి వెనక పేర్చవద్దు. ఆ ఎండు కాయల్లోనే పురుగు నిద్రపోతుంది. ష్రెడర్ దొరికితే ముక్కలు చేసి దున్నేయండి. ఒక్కరి చేనులో చేసి లాభం లేదు, ఊరంతా ఒకే పదిహేను రోజుల్లో చేయాలి.

తక్కిన పంటలు. ఆముదంలో గెలల మీద బూజు తెగులు ఈ ముసురుకు ఖాయం, వాన సూచన ఉంటే ముందే ప్రోపికొనజోల్ లీటరుకు 1 మిల్లీలీటరు కొట్టండి, బూజు పట్టిన కాయలను తీసి దూరంగా పారేయండి. కందిలో మొగ్గలను గూడు కడుతున్నది మారుకా మచ్చల పురుగు, మొగ్గ దశలోనే వేపనూనె. మిర్యాలగూడ వైపు వరిలో సుడిదోమకు పైపైన కొట్టి లాభం లేదు, నీరు తీసి, పైరును పాయలు తీసి, దుబ్బు మొదలు తడిసేలా కొట్టాలి. అచ్చంపేట, వనపర్తి వైపు యాసంగి వేరుశనగ వేసేవాళ్లు పదును చూసుకోండి, విత్తనశుద్ధి లేకుండా వేయవద్దు.