కృష్ణ పదార్థం వేటలో కొలువులు

ఇబ్రహీంపట్నంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చదువుతున్నామంటే ఇంట్లోవాళ్లకు ముందు గుర్తొచ్చేది థర్మల్ స్టేషనే. సెన్సర్ పంపే సిగ్నల్లో అసలుదేదో, నాయిస్ ఏదో తేల్చే ఆ పనికే భౌతికశాస్త్రంలోనూ గిరాకీ ఉంది.

కృష్ణ పదార్థం (డార్క్ మ్యాటర్) కంటికి కనబడదు. దాని కణాలు ఢీకొని నశిస్తే పాజిట్రాన్లు, యాంటీప్రోటాన్లు పుట్టొచ్చని అంచనా. అందుకే కాస్మిక్ కిరణాల్లో ప్రతిపదార్థం ఎంతుందో లెక్క తీస్తారు. 2011 మేలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బిగించిన ఏఎంఎస్-02 డిటెక్టర్ పని అదే. సుమారు 10 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు దాటాక ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్ల మొత్తంలో పాజిట్రాన్ల వాటా తగ్గకపోగా పెరుగుతోంది. కారణం కృష్ణ పదార్థమా, దగ్గర్లోని పల్సార్లా? ఇంకా తేలలేదు.

అసలు కష్టం వేరే ఉంది. వేల ప్రోటాన్ల మధ్య ఒక పాజిట్రాన్ వస్తుంది. రెండిటిదీ ధనావేశమే కాబట్టి అయస్కాంతంలో ఒకే పక్కకు వంగుతాయి. విడదీయడానికి కెలోరిమీటర్ కావాలి: సీసం పొరల్లో పాజిట్రాన్ తన శక్తినంతా దాదాపుగా వదిలేస్తుంది, ప్రోటాన్ సాధారణంగా కొంతే వదులుతుంది. కొలువుల్లో చాలావరకు ఈ వడపోత చుట్టూనే: డిటెక్టర్, ఎలక్ట్రానిక్స్, డేటా విశ్లేషణ. సిద్ధాంతం మీద మోజుతో వచ్చేవాళ్లకు లోటు లేదు, సోల్డరింగ్ ఐరన్ పట్టేవాళ్లే తక్కువని నా అభిప్రాయం.

మనకు దగ్గర్లో హైదరాబాద్‌లో ఇలాంటి పరికరాలను పైకి పంపే టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం 1969 నుంచి ఉంది. బెలూన్లూ అక్కడే తయారవుతాయి. అయితే ఆ ఊరు భూఅయస్కాంత మధ్యరేఖకు దగ్గర. తక్కువ శక్తి కణాలను భూమి అయస్కాంత క్షేత్రమే వెనక్కి తిప్పేస్తుంది. ఎక్స్‌రే ఖగోళశాస్త్రానికి అది వరం, తక్కువ శక్తి యాంటీప్రోటాన్ల వేటకు అడ్డంకి. వాటికోసం బెస్-పోలార్ బెలూన్ 2004లో, మళ్లీ 2007లో అంటార్కిటికా నుంచి లేచింది. కాబట్టి హైదరాబాద్‌ను పేలోడ్ పని నేర్చుకునే చోటుగా చూడండి. డిప్లొమా, బీటెక్ వాళ్లు టీఐఎఫ్ఆర్ సాంకేతిక పోస్టుల నోటిఫికేషన్లు గమనిస్తుండాలి.

ఎంపీసీ తర్వాత ఐఐఎస్ఈఆర్ తిరుపతికి ఐఏటీ, నైసర్‌కు నెస్ట్ రాయాలి. బీఎస్సీ చేస్తే ఐఐటీల ఎమ్మెస్సీకి జామ్. పీహెచ్‌డీకి జెస్ట్, గేట్, నెట్, టీఐఎఫ్ఆర్ సొంత పరీక్ష. పరిశోధన భృతి (జేఆర్ఎఫ్) నెలకు 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ అదనం. ఏఎంఎస్ నియంత్రణ కేంద్రం ఉన్న సెర్న్‌లో 2017 నుంచి భారత్ అసోసియేట్ సభ్యదేశం. అక్కడి సమ్మర్ స్టూడెంట్ కార్యక్రమానికి మనవాళ్లూ దరఖాస్తు చేయొచ్చు.

సీటొచ్చేదాకా ఆగక్కర్లేదు. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ ప్రయోగశాల నడిపే కాస్మిక్ కిరణాల డేటాబేస్‌లో ఏఎంఎస్ కొలతలు ఉచితంగా దొరుకుతాయి. పైథాన్‌లో పాజిట్రాన్ల గ్రాఫ్ గీయండి. ఎర్రర్ బార్లు కూడా వేసి, ఆ ఫైలును ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి.