అతిధ్వనులు – గుండె – బృహద్ధమని

లోతైన బావిలోకి వంగి కేకవేస్తే మన కేక మనకే తిరిగి వినిపిస్తుంది. కేకకూ ప్రతిధ్వనికీ నడుమ పట్టిన కాలం తెలిస్తే నీళ్ళెంత లోతులో ఉన్నాయో లెక్కగట్టవచ్చు. రోగి మంచం దగ్గరికే తెచ్చి వాడే అల్ట్రాసౌండ్ యంత్రం చేసేదీ ఈ లెక్కే. నేను బి.ఎస్సీ. వాణ్ణి, వైద్యం చదవలేదు. కాని ఇందులో మన భౌతికశాస్త్రం ఎంత ఉందో చెప్పాలనిపించింది.

సెకనుకు 20,000 కంపనాలు దాటిన ధ్వని మన చెవికి వినబడదు. ఈ యంత్రం పంపే ధ్వనికి సాధారణంగా 20 లక్షల నుంచి 50 లక్షల కంపనాలుంటాయి. మెత్తని కణజాలంలో దాని వేగం సెకనుకు సుమారు 1,540 మీటర్లు. అనగా 10 సెంటీమీటర్ల లోతునుంచి ప్రతిధ్వని రావడానికి 0.00013 సెకను చాలు. మధ్యలో గాలి ఉంటే ధ్వని దాదాపు అంతా వెనక్కి తిరిగిపోతుంది. చర్మానికి జెల్ పూసేది అందుకే.

1953లో స్వీడన్‌లోని లుండ్‌లో వైద్యుడు ఎడ్లర్, భౌతికశాస్త్రజ్ఞుడు హెర్ట్జ్ కలిసి ఈ పద్ధతిని గుండెకు ప్రయోగించారు. వాళ్ళు వాడింది లోహాల్లో పగుళ్ళు వెతికే యంత్రం!

మంచం దగ్గర గుండె విషయంలో తేల్చుకోవలసిన ప్రశ్నలు కొద్దే. గుండె చుట్టూ నీరు చేరిందా? ఎడమ జఠరిక గట్టిగా ముడుచుకుంటోందా? కుడి జఠరిక ఉబ్బిందా? కవాటాల సూక్ష్మ పరీక్ష నిపుణుల పని.

ఇక పొట్ట. ముందు వెన్నుపూసను గుర్తుపట్టాలి. దానికి ముందు, కాస్త ఎడమగా ఉండేది బృహద్ధమని, కుడిపక్కది అధోమహాసిర. రొమ్ము ఎముక కిందనుంచి, ధమని రెండుగా చీలే బొడ్డు దరిదాపుల దాకా చూసి, బయటి గోడనుంచి బయటి గోడకు అడ్డంగా కొలుస్తారు. మామూలుగా అది 2 సెంటీమీటర్లు. 3 లేక అంతకు మించితే ఎన్యూరిజం, అంటే గోడ ఉబ్బిందన్నమాట. పీడనాన్ని వ్యాసార్ధంతో గుణిస్తే గోడమీది తన్యత వస్తుంది కదా! కనుక 2 సెంటీమీటర్ల ధమని 6 అయితే, అదే రక్తపోటుకు గోడమీది తన్యత మూడింతలు.

పగిలితే ప్రాణాపాయం. 1955లో ఐన్‌స్టీన్ మరణించింది దీనివల్లనే. పెద్దవయసు మనిషికి హఠాత్తుగా నడుంనొప్పి వస్తే మూత్రపిండంలో రాయి అని పొరబడే ప్రమాదముంది. అతని రక్తపోటు పడిపోతూ, ధమని వెడల్పుగా కనిపిస్తే శస్త్రవైద్యుణ్ణి వెంటనే పిలవాలి. రోగిని కదపకుండా, కొద్ది నిమిషాల్లో ఈ సంగతి తెలియడమే ఈ పరీక్ష చేసే మేలు.

అయితే ఒక హెచ్చరిక. పేగుల్లోని గాలి ధమనిని మరుగుచేయవచ్చు. ధమని వెనకకు కారిన రక్తం తరచు కనబడదు. అందుచేత “కనబడలేదు” అని రాయవలసినచోట “లేదు” అని రాయకూడదు. మన ప్రయోగశాల రికార్డుల్లోనూ పాటించవలసిన నియమమే ఇది. అక్కడ తప్పితే మార్కులు పోతాయి, ఇక్కడ మనిషి పోతాడు.