పుట్టుమచ్చ నుండి ఫోన్ నంబరు దాకా – బడి దగ్గర ఉన్న మన వివరాలు



మనం బడిలో చేరిన రోజున హెచ్.ఎం. గారి గదిలో ఒక పెద్ద పుస్తకంలో మన పేరు వ్రాసినారు. దానిని అడ్మిషన్ రిజిస్టరు అంటారు. పేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ, కులం, మాతృభాష, ఊరు, ముందు చదివిన బడి – ఇవన్నీ అయ్యాక చివరన రెండు పుట్టుమచ్చల గడి ఉంటుంది. చొక్కా కాలరు కాస్త పక్కకు జరిపి మచ్చ చూపించి సిగ్గుపడని వాడు మనలో లేడు. ఫోటోలు అరుదుగా ఉన్న కాలంలో మనిషిని గుర్తుపట్టడానికి పెట్టిన గడి అది. ఇప్పటికీ పోలేదు. పదో తరగతి సర్టిఫికెట్టు దాకా ఆ రెండు మచ్చలూ మన వెంట వస్తాయి.

ఆ రోజు మొదలు బడి దగ్గర మన వివరాలు పెరుగుతూనే ఉంటాయి. ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు జిరాక్సు, అమ్మ బ్యాంకు పాస్ బుక్కు, కుల ధ్రువీకరణ పత్రం, ఎత్తు, బరువు, రక్తపరీక్ష, మార్కులు, ఇంటి ఫోన్ నంబరు. ఒక మనిషిని ఇతడు ఫలానా అని గుర్తించడానికి పనికివచ్చే ఏ వివరమైనా వ్యక్తిగత సమాచారమే. లీవ్ లెటరు కూడా అందులోకే వస్తుంది. "మా నాన్నకు ఒంట్లో బాగులేదు, ఆస్పత్రికి తీసుకువెళ్లాలి, కావున మూడు రోజులు సెలవు ఇప్పించ ప్రార్థన" అని వ్రాసిచ్చిన కాగితంలో మన ఇంటి సంగతి సగం ఉంటుంది. దానిని క్లిప్పుకు తగిలించి బల్ల మీద వదిలేస్తే వచ్చేపోయేవాళ్లందరూ చదువుతారు.

"చదివితే ఏటవుతాది? మన దగ్గర దాచడానికి ఏటుంది?" అని మనోళ్లు అంటారు. ఈ పాఠమంతా ఆ ప్రశ్న గురించే.

మన ప్రాంతంలో ఉద్దానం సంగతి తీసుకుందాం. కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉండే ఆ తీరంలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ఊళ్లలో కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి మనుషుల్ని తినేస్తున్నది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించినారు. ఊరూరా రక్తం తీసి క్రియాటినిన్ పరీక్షలు చేసినారు, చేయాలి కూడా. ముందుగా తెలిస్తేనే కదా వైద్యం. కానీ ఆ పరీక్ష కాగితం మీది అంకె ఊరిలో పాకితే ఇంకొకటి జరుగుతుంది. ఆ ఇంటి పిల్లకు సంబంధం వచ్చి వెనక్కి పోతుంది. "ఉద్దానం పిల్లా?" అని ఊరి పేరు వినగానే ఆగిపోయిన పెళ్లిచూపుల సంగతి అక్కడివాళ్లు చెబుతూనే ఉంటారు. జబ్బు తండ్రిది, నష్టం కూతురిది. ఇప్పుడు చెప్పండి, డయాలసిస్ అని వ్రాసిన లీవ్ లెటరు బల్ల మీద ఉండవచ్చునా?

మన కొండ పల్లెలవాళ్లకు ఇటువంటిదే ఇంకొకటి ఉన్నది. సికిల్ సెల్ రక్తహీనత. రక్తంలోని ఎర్ర కణం గుండ్రంగా ఉండక కొడవలిలాగ వంగిపోతుంది. దీనిని నిర్మూలించడానికి కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న ఒక కార్యక్రమం మొదలుపెట్టినది. దేశంలో గిరిజనులు ఎక్కువగా ఉండే 17 రాష్ట్రాలు అందులో ఉన్నాయి, మన ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. 40 ఏళ్ల లోపు వాళ్లందరికీ పరీక్ష చేసి కార్డు ఇవ్వడం దీని ఉద్దేశం. ఈ జబ్బు అంటుకునేది కాదు. ఒకే కంచంలో తిన్నా, పక్కపక్కన పడుకున్నా రాదు. అమ్మానాన్నలిద్దరి నుండి ఆ లక్షణం వస్తేనే బిడ్డకు జబ్బు అవుతుంది. ఒక్కరి నుండే వస్తే ఆ బిడ్డ క్యారియర్ మాత్రమే, సాధారణంగా ఏ బాధా ఉండదు. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.

కాబట్టి ఆ కార్డు ఒక్కరి గురించే చెప్పదు. వాళ్ల అమ్మ గురించి, నాన్న గురించి, ఇంటి దగ్గరున్న తమ్ముడి గురించి కూడా చెబుతుంది. వరసలో నిలబెట్టి ఫలితాలు గట్టిగా చదివితే ఆ రాత్రే మెస్‌లో ఒకడి పక్కన కూర్చోవడం మానేస్తారు. తెలియక మానేస్తారు, కానీ మానేస్తారు.

అలాగని ఎవరికీ చెప్పకుండా దాచేస్తే అది మరీ ప్రమాదం. జబ్బు ఉన్న పిల్లవాడికి నీళ్లు ఎక్కువ తాగించాలి, ఎండలో అదే పనిగా పరుగెత్తించకూడదు, చలిలో జాగ్రత్తగా చూడాలి. ఒళ్లు నొప్పులంటే నటిస్తున్నాడనుకోకూడదు. ఈ సంగతి వార్డెన్ సారుకి, ఏ.ఎన్.ఎం. అక్కకి, ఆటల మాస్టారికి తప్పక తెలియాలి. పక్క మంచం వాడికి తెలియాలా వద్దా అన్నది ఆ పిల్లవాడి ఇష్టం. సమాచార రక్షణ అనగా అన్నింటికీ తాళం వేయడం కాదు. పని ఉన్నవాళ్లకు ఆ పని మేరకు తెలియడం, పని లేనివాళ్లకు తెలియకపోవడం.

పూర్వం ఈ పని సులువుగా ఉండేది. ఒక రిజిస్టరు, ఒక బీరువా, ఒక తాళంచెవి. ఇప్పుడు అదే సమాచారం కంప్యూటరులోకి పోతున్నది. 2022–23 నుండి దేశంలోని బడులన్నీ ఒక్కొక్క విద్యార్థి వివరాన్ని యూడైస్ ప్లస్‌లో ఎక్కిస్తున్నాయి. ఆపార్ అనే 12 అంకెల నంబరు కూడా వచ్చినది. ఆపార్‌కు అమ్మానాన్నల అంగీకార పత్రం కావాలి, అది ఐచ్ఛికం అని ప్రభుత్వమే చెప్పినది. మన అమ్మలు చాలామంది వేలిముద్ర వేసేవాళ్లే. కాగితంలో ఏముందో చదివి చెప్పాకే వేలిముద్ర వేయించుకోవాలని నా అభిప్రాయం.

కంప్యూటరులో పెట్టినది ఎట్లా బయటపడుతుంది? దొంగలే రానక్కరలేదు. 2017 మే నెలలో బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ వారు ఒక నివేదిక ఇచ్చినారు. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో ప్రజల ఆధార్ నంబర్లు ఎవరైనా చూసేలా ఉన్నాయని, మొత్తం సుమారు 13 కోట్లు ఉండవచ్చునని అందులో అంచనా. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రానివే. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, రెండవది చంద్రన్న బీమాది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1 లక్షా 30 వేల మందికి పైగా లబ్ధిదారుల ఆధార్, కులం, మతం, బ్యాంకు ఖాతా వివరాలు అట్లాగే కనిపించినాయి. తాళం ఎవరూ పగలగొట్టలేదు. నోటీసు బోర్డు మీద జాబితా అంటించినట్టు అంటించినారు, అంతే. పిల్లల సంగతికి వస్తే, కోవిడ్ కాలంలో దేశమంతా వాడిన దీక్షా యాప్ సర్వరు ఒకటి రక్షణ లేకుండా ఉండిపోయి, దాదాపు 6 లక్షల మంది విద్యార్థుల వివరాలు, 10 లక్షలకు పైగా టీచర్ల వివరాలు బయటికి కనిపించినాయని 2023 జనవరిలో తేలినది.

ఇక చట్టం ఏమంటున్నది? గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పినది. ఆ కేసు వేసినాయన కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి గారు. ఎనభై ఏళ్లు దాటిన వయసులో వేసినారు! 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో, బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి కాదని, ఆధార్ లేదని ఏ పిల్లవాడికీ రావలసినది ఆపకూడదని చెప్పినారు. హెచ్.ఐ.వి. విషయమై 2017లో వచ్చిన చట్టం, అది ఉన్నదని చదువు నిరాకరించకూడదని, అంగీకారం లేకుండా బయటపెట్టకూడదని అంటున్నది.

2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చినది. 18 ఏళ్లు నిండనివాళ్లందరూ దాని ప్రకారం బాలలే. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లి లేక తండ్రి లేక సంరక్షకుల అంగీకారం ఉండాలి. తప్పుంటే దిద్దమని అడిగే హక్కు ఉన్నది. పిల్లల విషయంలో తప్పు చేస్తే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. నియమాలు 2025 నవంబరులో వచ్చినాయి, ముఖ్యమైన బాధ్యతలు అక్కడి నుండి 18 నెలలకు అమలయ్యేలా పెట్టినారు. ప్రభుత్వం పథకాల కోసం తీసుకునే వివరాలకు అంగీకారం అడగనక్కరలేని వెసులుబాటు ఒకటి ఉన్నది. మనలాంటివాళ్ల వివరాలు ఎక్కువగా పథకాల కోసమే తీసుకుంటారు గనుక ఇది నాకు వెలితిగానే తోచినది.

దిద్దుకునే హక్కు అన్నాను కదా, మనకు అన్నిటికన్నా అవసరం అదే. ఒక కాగితంలో సవర, ఇంకొక కాగితంలో శవర. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకులో వెనుక. పుట్టిన తేదీ తెలియక మాస్టారు ఉజ్జాయింపుగా వేసిన జూన్ 1. సీతంపేట వైపు వాళ్లకు 2022 ఏప్రిల్ 4కు ముందు తీసిన కాగితాలలో శ్రీకాకుళం జిల్లా, తరువాతి వాటిలో పార్వతీపురం మన్యం జిల్లా. జిల్లా మారడం తప్పు కాదు, ఒకరికి రెండు పేర్లుండడం మాత్రం చిక్కు. స్కాలర్‌షిప్పు ఆగేది అక్కడే. అందుచేత పదో తరగతివాళ్లు నామినల్ రోల్ పంపే ముందు ఒక్కసారి చూపించండి సార్ అని అడగండి. పేరు, తేదీ, పుట్టుమచ్చలు, అక్షరం అక్షరం చూసుకోండి. పంపేశాక దిద్దించుకోవాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి.

పోగొట్టుకోకుండా ఉంచడం కూడా రక్షణే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇళ్ల పైకప్పులే ఎగిరిపోయినాయి, కాగితాలెంత? అసలు పత్రాలు పాలిథిన్ సంచిలో చుట్టి ఎత్తున పెట్టమని ఇంటి దగ్గర చెప్పండి. జిరాక్సు తీయించినప్పుడు పాడైన కాపీని కొట్లో వదిలి రాకండి, చింపేయండి. పేరుతో పాటు ఆధార్ నంబరు, ఖాతా నంబరు ఉన్న జాబితా గోడకు అంటించవలసి వస్తే చివరి నాలుగంకెలు ఉంచితే చాలు, ఎవరిది వాళ్లు పోల్చుకుంటారు.

చివరిగా ఒక సంగతి. పైన చెప్పిన 2023 చట్టం కంప్యూటరులోకి ఎక్కిన సమాచారానికే వర్తిస్తుంది. గేటు దగ్గర తాడుతో కట్టిన ఔట్‌పాస్ పుస్తకానికి వర్తించదు. అందులో ఆడపిల్లల పేర్లు, ఊరు, ఏ బస్సుకు వెళ్తున్నారో, వాళ్ల అమ్మ ఫోన్ నంబరు వరుసగా ఉంటాయి. సంతకం పెట్టడానికి వచ్చిన ప్రతివాడూ పై గీతలన్నీ చదువుకోవచ్చు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. పేజీ అంత అట్ట తీసుకుని ఒక్క గీత కనిపించేటంత సందు కోసి పుస్తకం మీద పెడితే, ఎవరి గీత వాళ్లకే కనిపిస్తుంది. వార్డెన్ సారు ఒప్పుకుంటే ఈ ఆదివారం స్టడీ అవర్ అయ్యాక చేద్దాం. అట్ట, కత్తెర మన గోడపత్రిక పెట్టెలోనే ఉన్నాయి.