ఎడారి పెరట్లో ప్లాస్టిక్ గడ్డి: అనంతపురం నుంచి ఫీనిక్స్ వచ్చినవారికి

మన అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఫీనిక్స్‌లో పడేది అందులో మూడో వంతే. కరువు సీమ నుంచి బయల్దేరి అంతకన్నా ఎండిన చోటికి వచ్చామన్నమాట. శ్రీశైలం నీళ్లు హంద్రీ-నీవా ఎత్తిపోతల మీద జీడిపల్లికి వచ్చినట్టే, ఇక్కడికి కొలరాడో నది నీళ్లు 336 మైళ్ల కాలువలో వస్తాయి. 2022లో ఆ కాలువకు కోత పడితే మొదట దెబ్బతిన్నది పినాల్ కౌంటీ రైతులు. 2023 ఆగస్టు నుంచి స్కాట్స్‌డేల్‌లో కొత్తగా కట్టే ఇళ్ల ముందు నిజమైన గడ్డి వేయనివ్వడం లేదు. అందుకే చాండ్లర్‌లోనో గిల్బర్ట్‌లోనో మీరు తీసుకునే ఇంటి పెరట్లో ప్లాస్టిక్ గడ్డి ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. నీళ్లు పెట్టే పని, కోసే పని లేవు కదా అని దాన్ని అలా వదిలేస్తే మాత్రం నాలుగైదేళ్లకే పాడవుతుంది.

అన్నిటికన్నా ముందు వేడి సంగతి. మనం చెప్పులు గుమ్మం దగ్గర విడిచి తిరిగే వాళ్లం, పిల్లలూ అలాగే పెరట్లోకి పరుగెత్తుతారు. 2002లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ మైదానంలో కొలిచినప్పుడు, గాలి 98 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న రోజున ఈ గడ్డి 200 డిగ్రీలకు చేరింది. నీళ్లు చల్లితే 174 నుంచి 85కు దిగింది కానీ 5 నిమిషాల్లో మళ్లీ 120కి, 20 నిమిషాల్లో 164కి ఎక్కింది. ఫీనిక్స్‌లో 2023లో వరసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీలకు తగ్గలేదు. అరచేతి వెనకవైపు గడ్డికి ఆనించి అయిదారు క్షణాలు ఉంచలేకపోతే పిల్లల్ని వదలొద్దు. ఎండాకాలంలో ఆటలు పొద్దున్నే గానీ, పొద్దుగూకి బాగా చల్లబడ్డాక గానీ.

పెరట్లో ఒకచోట గడ్డి చారలా ముడుచుకుని కరిగినట్టు కనిపిస్తే ఎండను తిట్టకండి, కిటికీని చూడండి. ఇక్కడి రెండు పొరల అద్దాలు ఎండను ఒడిసిపట్టి ఒకే చోట విసురుతాయి. కిటికీకి బయటివైపు మెష్ తెర బిగించాకే గడ్డి బాగుచేయాలి. లేదంటే కొత్త ముక్కా అలాగే పోతుంది.

రోజువారీ పని తక్కువే. జూన్ నడిమి నుంచి సెప్టెంబరు దాకా దుమ్ము తుపాన్లు వస్తాయి. ఆ మట్టి పరకల మొదళ్లలో చేరి గట్టిపడితే నీళ్లు దిగవు. ఆకులు బ్లోయర్‌తో ఊదేసి, గట్టి నైలాన్ కుచ్చున్న చీపురుతో పరకలు వాలిన దిక్కుకు ఎదురుగా ఊడ్చి, పైపుతో కడిగితే చాలు. ఇనుప పళ్ల రేక్ తగిలించొద్దు, అడుగు కుట్లు లేచిపోతాయి. పరకల మధ్య పోసిన ఇసుకే వాటిని నిలబెడుతుంది కాబట్టి అది తరిగిన చోట మళ్లీ చల్లుకోవాలి. పసుపు, నూనె పడితే గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి వెంటనే అద్దాలి. బ్లీచ్ వద్దు. కుక్క ఉంటే వాసనకు ఎంజైమ్ క్లీనర్ పోయాలి, ఇసుకలో జియోలైట్ కలిపితే ఇంకా మేలు.

ఇక మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది దీపావళి కాలుడు. చిచ్చుబుడ్డి, భూచక్రం, ఆఖరికి కాకరపువ్వొత్తి రవ్వ పడినా చాలు, ప్లాస్టిక్ కరిగి నల్లటి గడ్డ కడుతుంది. టపాకాయలు, బార్బెక్యూ, దీపాలు సిమెంటు గచ్చు మీదే పెట్టుకోండి. అయినా కాలిందా, మనిషిని పిలవక్కర్లేదు, అరపూట పని.

కాలిన చోట ఇసుకను ముందు వాక్యూమ్‌తో లాగేయండి. మధ్యలో చిన్న గాటు పెట్టి అడుగు గుడ్డను పైకి లేపి, కొత్త బ్లేడుతో కుట్టు వరసల నడుమగా చతురస్రంగా కోయండి. పైనుంచి కోస్తే పక్క పరకలు కూడా తెగుతాయి. అతుకు ముక్క కూడా అలాగే కోసి, ముఖ్యంగా దాని పరకలు మిగతా గడ్డి వాలిన వైపే వాలేలా పెట్టండి. ఇది తప్పితే మిగతా అంతా సరిగ్గా చేసినా ఆ చోటు ముదురు రంగులో, ఎప్పటికీ అతుకులాగే కనిపిస్తుంది. అడుగున సీమ్ టేప్ పరిచి, టర్ఫ్ జిగురు రాసి, పరకలు జిగురులో ఇరుక్కోకుండా వేళ్లతో పక్కకు దువ్వుతూ ముక్కను దించండి. రెండు అంచుల మధ్య ఒక కుట్టు వరస అంత సందు ఉండాలి. రాత్రంతా ఇసుక బస్తాల బరువు పెట్టి, మర్నాడు ఇసుక పోసి ఊడవండి. ఈ పని నవంబరు, మార్చి నెలల మధ్య చేసుకోండి. ఎండాకాలంలో గడ్డి సాగుతుంది, జిగురు పట్టకముందే పైన ఆరిపోతుంది.

ముక్క ఎక్కడిదంటారా? గడ్డి పరిచినవాళ్లు మిగిల్చింది గరాజ్‌లో ఉండొచ్చు, ఇల్లు చేతికి వచ్చిన రోజే అడిగి దాచుకోండి. కానీ ఎండకు వెలిసిన గడ్డిలో కొత్త ముక్క తళతళలాడుతుంది. ఏసీ యంత్రం వెనకనో గోడ మూలనో ఉన్న పాత గడ్డి కోసి నడిమధ్యలో అతికి, కొత్తది ఆ మూల పెట్టడం మేలు. నేల కుంగిన చోట అంచు మేకులు పీకి, గడ్డి వెనక్కి మడిచి, కంకర పొడి వేసి తడిపి దిమ్మిస కొట్టాలి. అద్దె ఇల్లయితే ఏదీ ముట్టుకోకండి, ఫొటో తీసి యజమానికి పంపండి. సొంతిల్లయితే ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) నియమాలు ముందే చదవండి.

ఊడుస్తుంటే పరకలు పెళుసుగా విరిగి చీపురుకు వస్తున్నాయంటే ఆయువు తీరినట్టే, అతుకులు నిలవవు. అప్పుడు మాత్రం పెరడంతా మళ్లీ ప్లాస్టిక్ పరచకండి. పిల్లలు ఆడుకునేంత మేర ఉంచి, పడమటి వైపు ఒక మెస్కీట్ చెట్టు నాటండి. మన ఊరి సర్కారు తుమ్మకు చుట్టమే అది. కొద్ది నీళ్లతో బతుకుతుంది, నీడా ఇస్తుంది.